కాశ్యపస గోత్రపు మోటారుసైకిలు

పదకొండవ ఆశ్వాసం

ఎలుక నెక్కి లోకమ్ముల నేలు సామి!
జారిపోవని నడకకు సాక్షి వీవు;
రెండు చక్రాల బండికి రెప్ప వగుచు
కథకు నడ్డము రాకుండఁ గావుమయ్య!

గత వారం అచ్యుతరావుగారిని ఆష్‌బర్న్‌లోని వారి గరాజులో, పాత దుప్పటి కొస చేతబట్టుకొని నిలిచిన స్థితిలో విడిచి వచ్చాము. దుప్పటి కింద ఉన్నది ఆరు వందల అరవై సీసీల సరికొత్త మోటారుసైకిలు. దుప్పటికి ఈవల ఉన్నది నలభై రెండేళ్లుగా ఆయనతో కాపురం చేస్తున్న హైమగారు.

“ఎవరి బండండీ ఇది?” అని ఆమె అడిగారు. ఆయన, తెలిసిన కుర్రవాడొకడి పేరు, “రఘువీర్” అని గట్టిగా పలికి, “చూడవస్తానన్నాడు” అన్న మిగిలిన సగాన్ని మీసంలోనే ఉంచుకొన్నారు. పూర్వం ఒక మహారాజు ఇలాగే సగం మాట పైకీ సగం మాట లోపలికీ పలికినందుకు, నేలకు నాలుగంగుళాల పైన నడిచే అతని రథం దిగివచ్చి మట్టిని తాకిందట. అచ్యుతరావుగారి బండి సీటు నేలకు ముప్పైరెండంగుళాల ఎత్తు. ఆయన మునివేళ్లు మాత్రమే కింద ఆనుతాయి. రథం దిగివస్తే ఆయనకు మేలే జరిగేది. కాని కలియుగంలో పాపఫలం అంత చప్పున చేతికి రాదు.

హైమగారు ఆ సగం మాటే విని, పరుల బండియైనా సరే, పూజ జరగని కొత్త వాహనం మన ఇంట నిలువరాదని తేల్చి, శనివారానికి శర్మగారిని పిలిపించారు. ఆ శనివారం రానే వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి మనవి చేయాలి. అచ్యుతరావుగారు ముప్పై ఏళ్లు వంతెనలు కట్టించి విరమించిన ఇంజనీరు. ఆదివారాలు లైబ్రరీ హాలులో పురాణం చెబుతారు. పోయిన ఆదివారం ఇంద్రియాలను గుర్రాలతో పోల్చి, పగ్గం వదిలినవాడు గోతిలో పడక తప్పదని శ్రోతలను గట్టిగా హెచ్చరించి, ఇంటికి వచ్చి, నేరుగా గరాజులోకి వెళ్లి తలుపు వేసికొని, కదలని బండి మీద ముప్పావుగంట కూర్చున్నారు.

కూర్చోవడమే గాని ఒక్క అడుగు కూడా నడపలేదు. దానికి కారణం ఉంది. పెళ్లయిన పదహారవ రోజున, సత్యనారాయణ వ్రతం చేసికొనడానికి, ఆ కొత్త దంపతులు స్నేహితుని మోటారుసైకిలు ఎరువు తెచ్చుకొని కాకినాడ నుంచి అన్నవరానికి బయలుదేరారు. కత్తిపూడి దాటగానే పెళ్లికూతురి పట్టుచీర చెంగు గొలుసులో పడింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, అరటిపండ్ల బుట్ట తలొక దిక్కునా పడ్డారు. హైమగారి మోచేతికి తొమ్మిది కుట్లు పడ్డాయి. ఆ సాయంకాలమే సత్యదేవుని సన్నిధిలో ఆయన, “నీ అనుమతి లేనిదే రెండు చక్రాల బండి నడపను” అని మాట ఇచ్చారు. ఆ మాట ఆమె అడిగినది కాదు. ఆయనంతట ఆయన ఇచ్చినది. నాటినుంచి నేటివరకు, అడిగితే కాదంటుందేమోనన్న భయంతో ఆయన అనుమతి అడగనే లేదు.

మరి బండి ఎందుకు కొన్నారంటే, కారు టైర్లు మార్పించబోయి పక్క దుకాణం అద్దంలో దాన్ని చూశారు. పూర్వులు గుర్రాన్ని సుళ్లు చూసి ఎన్నుకొనేవారు. అచ్యుతరావుగారు ఇంజను ముందు నుంచి మెలితిరిగి దిగివచ్చే మూడు గొట్టాలను చూసి, ఇవి రాజలక్షణాలని నిశ్చయించారు. తొంభై అయిదు గుర్రాల బలం, నూట తొంభై కిలోల బరువు. అంటే ఒక్కొక్క గుర్రం మోయవలసినది రెండు కిలోలు. దేవేంద్రుని శాలలోనైనా ఇంత తేలిక కొలువు ఉండదు. వేయి సీసీల వాటివలె మదమెక్కినది కాదు, మూడు వందల వాటివలె బక్కచిక్కినదీ కాదు. క్లచ్చు పట్టకుండానే గేరు మారుతుంది. మలుపులో వంగి ఉన్నప్పుడు బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకోదు. వెనుక చక్రం జారబోతే యంత్రమే పసిగట్టి బలాన్ని తగ్గిస్తుంది. పైగా మూడు స్వభావాలు: రెయిన్, రోడ్, స్పోర్ట్. రెయిన్‌లో పెడితే సాధువైన ఆవు. స్పోర్ట్‌లో పెడితే ఆ ఆవుకే ఎర్రగుడ్డ చూపినట్లు. మొదటి వేయి మైళ్లూ ఆవుతోనే గడపాలని ఆయన మనసులో కట్టడి చేసికొన్నారు.

ఎమర్జెన్సీ డాక్టరైన కూతురు బిందుమాధవికి ఈ సంగతి ఏదీ తెలియదు. ఆమె భోజనాల బల్ల దగ్గర చెప్పే కథలలో సగం మోటారుసైకిళ్లతో మొదలై ఎక్స్‌రేలతో ముగుస్తాయి. ఆ శనివారం మధ్యాహ్నం రెండింటి దాకా ఆమెకు డ్యూటీ ఉన్నదన్నదే ఆయనకు మిగిలిన ఊరట.

రాహుకాలం పదిన్నరకు ముగిసింది. పదీ నలభైకి గౌరీశంకర శర్మగారు మినీవ్యాన్ దిగి, పన్నెండింటికి మరో గృహప్రవేశం ఉందని మొదటి మాటగానే చెప్పారు. బండిని డ్రైవ్‌వేలో, వీధి వైపు ముఖంగా అప్పటికే తోసి నిలిపి ఉంచారు. దాని పక్కన రఘువీర్ నిలిచాడు. డేటా సెంటరులో పనిచేసే నల్లగొండ యువకుడు. పురాణానికి క్రమం తప్పక వస్తాడు. సైకిలు తప్ప మరే రెండు చక్రాల బండీ ఎరుగడు. పొద్దుటే అచ్యుతరావుగారు అతనికి ఫోన్ చేసి, వచ్చి బండి పక్కన నిలబడమనీ, ఎవరేమడిగినా నవ్వమనీ చెప్పారు. అంతకుమించి ఒక్క అబద్ధమైనా నేర్పలేదని ఆయన తనకు తాను సర్టిఫికెట్ ఇచ్చుకొన్నారు.

హైమగారు పళ్లెంలో నాలుగు నిమ్మకాయలు తెచ్చారు. కార్లకు పూజ చేయించి చేయించి అలవాటైన చేయి అది. రెండు చక్రాలకు నాలుగెందుకని శర్మగారు అడిగితే, మిగిలిన రెండూ పులిహోరలోకి అన్నారు.

శర్మగారు ట్యాంకు మీద స్వస్తికం దిద్దుతూ, ఎన్ని సీసీలు బాబూ అని రఘువీర్‌ను కుశలప్రశ్నగా అడిగారు. రఘువీర్ నవ్వాడు. శర్మగారు చూపు తిప్పలేదు.

“థౌజండ్ ఉంటదనుకుంట పంతులుగారూ.”

“ఆరు వందల అరవై,” అన్నారు అచ్యుతరావుగారు. అనకుండా ఉండలేకపోయారు. పద్యంలో గణం తప్పితే చెవి ఎలా నొచ్చుకొంటుందో అలా నొచ్చుకొంది ప్రాణం.

తరువాత శర్మగారి కుంకుమ వేలు ముందు చక్రపు బ్రేకు డిస్కు వైపు సాగింది. అచ్యుతరావుగారు అరవై తొమ్మిదేళ్ల మోకాళ్లను మరచి ఒక్క గెంతులో అడ్డుపడి, అక్కడ బొట్టు పెడితే బ్రేకు పట్టదనీ, కావలిస్తే అద్దానికి పెట్టవచ్చుననీ విన్నవించారు. హైమగారు హారతి పళ్లెం సర్దుకొంటూ, పరుల సొమ్ము మీద ఇంత ప్రేమ మీకొక్కరికే సాధ్యమని మెచ్చుకొన్నారు. ఆ మెప్పులో ఏదో గరుకు తగిలింది గాని, ఆయన దాన్ని పరీక్షించే ధైర్యం చేయలేదు.

“రఘువీర్, వెనక ఈ మూపురం ఏంటి?” అని ఆమె అడిగారు. సీటు వెనుక భాగాన బండి రంగులోనే ఒక ప్లాస్టిక్ గోపురం నునుపుగా లేచి ఉంది.

రఘువీర్ నవ్వాడు. ఆమె మరేమీ అడగలేదు.

చేయడానికి పని లేనివాడికి వేళ్లే శత్రువులు. రఘువీర్ ఎడమ హ్యాండిలు మీది బొత్తాలను తడమసాగాడు. తెర వెలిగింది, రంగు మారింది, మళ్లీ మారింది. అచ్యుతరావుగారు దాన్ని గమనించలేదు. ఆయన చూపు శర్మగారి చేతిలోని అక్షతల మీద ఉంది. ఆచమనం అయింది. సంకల్పం మొదలైంది.

శర్మగారు గంభీరస్వరంతో క్రౌంచద్వీపే అన్నారు, రమణకవర్షే అన్నారు, తిథి వార నక్షత్రాలు చెప్పారు, చెప్పి రఘువీర్ వైపు చేయి చూపి ఆగారు.

“గోత్రం చెప్పండి.”

రఘువీర్ అలవాటు కొద్దీ నవ్వాడు. తరువాత ముఖం వాడిపోయింది. “గోత్రమా? మా నాయనకు ఎరుక ఉండె. ఫోన్ చెయ్యమంటరా?”

“నల్లగొండలో ఇప్పుడు రాత్రి భోజనాల వేళ, ఎందుకులే నాయనా,” అన్నారు శర్మగారు. “తెలియనివాళ్లందరికీ కాశ్యపస గోత్రమే.” అని గొంతు సవరించుకొని, కాశ్యపస గోత్రోద్భవస్య అని అందుకోబోయారు.

అప్పుడు అచ్యుతరావుగారి లోపల ఏమి జరిగిందో చెప్పడానికి మాటలు చాలవు. పళ్లెం పక్కన పీట మీద సత్యదేవుని పటం ఉంది. నాడు అన్నవరంలో మాట విన్నది ఆ స్వామియే. సంకల్పమంటే లెటర్ హెడ్డు మీద సంతకం కాదు. ఇప్పుడు ఏ పేరు పలికితే ఫలం ఆ పేరుకే చేరుతుంది. ఇక ఆ బండి ఎన్ని మలుపులు తిరిగినా రక్ష రఘువీర్‌కు. అదీ అతనిది కాని గోత్రంలో. తాను మాత్రం ఏ దేవుని పూచీ లేకుండా, తొంభై అయిదు గుర్రాల మీద, వాయుమండలంలో ఒంటరిగా వేలాడాలి. భార్య ముందు సగం మాట మింగిన గొంతే అది. దేవుని ముందు మింగుడు పడలేదు.

“కౌండిన్యస గోత్రం,” అన్నారాయన.

శర్మగారు ఆగారు. 

“కౌండిన్యస గోత్రం. ఉత్తరాభాద్రా నక్షత్రం. అచ్యుతరావు నామధేయం.” ఆయన కళ్లు నిమ్మకాయల మీద ఉన్నాయి. “బండి నాది, హైమా.”

మొదలుపెట్టాక ఆగలేదు. వేసవిలో రెండు రోజుల శిబిరమని వెళ్లినది ధ్యానానికి కాదనీ, కాలేజీ పార్కింగ్ లాటులో మోటారుసైకిలు నేర్పే శిబిరానికనీ, అక్కడ వాళ్ల బండి నడిపి సత్యదేవునికి ఇచ్చిన మాట తప్పాననీ, లైసెన్సు వచ్చిందనీ, ఈ బండిని మాత్రం దుకాణం వాళ్లు తెచ్చి దింపినది మొదలు అంగుళం నడపలేదనీ వరుసగా ఒప్పుకొన్నారు. ఇప్పుడు నువ్వు వద్దంటే సోమవారమే దుకాణానికి తిరిగి పంపుతానని ముగించారు. 

హైమగారు చేతి సంచిలోంచి ఒక కాగితం తీసి శర్మగారికి అందించారు. పూజకు ఆమె గుడి కౌంటరులో రాయించిన రసీదు అది. శర్మగారు చదివి, కళ్లజోడు సవరించుకొని, మళ్లీ చదివారు. అందులో ఆది నుంచీ ఉన్నది కౌండిన్యస గోత్రం, అచ్యుతరావు నామధేయమే.

“అమ్మగారే చెప్పారండీ,” అన్నారు శర్మగారు ఇబ్బందిగా. “కాగితం తన దగ్గరే ఉంచుకొంటాననీ, ముందు ఆ అబ్బాయినే అడగమనీ.”

హైమగారు భర్త వైపు తిరిగారు. “ఇన్సూరెన్స్ వాళ్ల కవరు వచ్చి పన్నెండు రోజులైంది. అదీ అక్కర్లేదు. లాండ్రీ రూము గోడకి అవతలే గరాజు. కదలని బండి మీద కూర్చుని గేరు మార్చినప్పుడల్లా నోటితో శబ్దం చేసే మనిషి ఈ ఇంట్లో ఇంకెవరున్నారు? మీ నాలుక నా దగ్గర వంకర పోతుంది గాని దేవుడి దగ్గర పోదు. అందుకే పూజ పెట్టించాను.”

అచ్యుతరావుగారు తల వంచారు. ఆమె ఇంకా చూస్తూనే ఉన్నారు.

“ఒక్కటి చెప్పండి. నేను కాదంటానని మీకెవరు చెప్పారు?”

ఆయన జవాబుగా ఆమె మోచేతి వైపు చూశారు. తొమ్మిది కుట్ల మచ్చ అక్కడ సన్నని వెండి గీతలా ఉంది.

“ఇదా?” అన్నారు హైమగారు, మచ్చను తడుముకొని. “దీన్ని చూసి మీరు నలభై రెండేళ్లు భయపడ్డారు. నేను చూసినప్పుడల్లా, కత్తిపూడి దాకా ఎంత బాగా వెళ్లామో అనుకున్నాను.”

  శర్మగారు టైము చూసుకొంటూనే, భార్య క్షమిస్తే మాట తప్పిన దోషానికి వేరే ప్రాయశ్చిత్తం అక్కరలేదని ఉదారంగా తీర్పు చెప్పారు. హైమగారు క్షమించాననలేదు.

“అనుమతి ఇస్తాను. ముందు ఆ మూపురం సంగతి తేలాలి. అదేంటి?”

దొంగ దొరికిన తరువాత కూడా ఒక మూట ఎక్కడో దాచి ఉంచుతాడు. ఆ మూట ఇదే. అచ్యుతరావుగారు గొలుసు వైపు చూస్తూ, అది వెనుక సీటు మీది మూత అని మెల్లగా చెప్పారు. బండితోపాటు వచ్చినది కాదు, చూడడానికి బాగుంటుందని విడిగా తెప్పించి బిగించినది.

“అంటే నేను కూర్చోవలసిన చోటుకి మీరే మూత పెట్టించారు.”

ఆమె గొంతు పెంచలేదు. బండి దాచినందుకు రాని కోపం ఇప్పుడు వచ్చింది. రఘువీర్ తన బూట్లను పరిశీలించాడు. శర్మగారు కొబ్బరికాయ పీచును అతి శ్రద్ధగా లెక్కబెట్టారు. ఆ సీటు జానెడే వెడల్పనీ, ముందుదాని కంటె ఎత్తనీ, నీకు కష్టమవుతుందనే అలా చేశాననీ అచ్యుతరావుగారు నసిగారు.

“కష్టమో సుఖమో కూర్చున్నాక నేను చెబుతాను. తీయించండి.”

ఆమె లోపలికి వెళ్లారు. రఘువీర్ ఆ పూటకు తాను చేయగలిగిన నిజమైన పని దొరికినందుకు పొంగిపోయి, నాలుగు నిమిషాలలో ఆ గోపురాన్ని విప్పి నిమ్మకాయల పళ్లెం పక్కన పెట్టాడు. కింద నుంచి ఎన్నడూ ఎండ చూడని చిన్న నల్లని సీటు బయటపడింది.

హైమగారు తిరిగి వచ్చినప్పుడు చీర లేదు. మందపాటి ప్యాంటు, చీలమండ దాకా బూట్లు, చేతులకు తొడుగులు, చంకలో ఎర్రని హెల్మెట్. ఆమె తలకు సరిగ్గా సరిపోయే హెల్మెట్. ఇన్సూరెన్స్ కవరు వచ్చిన మరునాడే కొన్నారట. చెంగు గొలుసులో పడిన పాఠం తనకూ గుర్తుందని ఆమె అన్నారు.

“ఆంటీ, మీరు సూపర్,” అన్నాడు రఘువీర్. అతడు ఆ ఉదయం ఎవరూ నేర్పకుండా చెప్పిన మొదటి నిజం అది.

సంకల్పం మళ్లీ మొదటినుంచి జరిగింది. ఈసారి ధర్మపత్నీ సమేతస్య అన్నచోట శర్మగారు ఒక్క క్షణం ఆగి చూశారు. హైమగారు హెల్మెట్‌తోనే భర్త కుడిచేతికి తన చేయి తాకించారు. కొబ్బరికాయ కొట్టారు. ఆ నీరు వాలు వెంబడి చక్రాల కిందికి పారింది. రెండు నిమ్మకాయలూ తమ స్థానాలలో కూర్చున్నాయి. వాటిని తొక్కుతూ బండి ముందుకు కదిలితేనే పూజ పూర్తి.

అచ్యుతరావుగారు తన హెల్మెట్ పెట్టుకొని ఎక్కారు. మునివేళ్లు నేలకు ఆనాయి. వెనుక హైమగారు ఎక్కగానే బండి అర అంగుళం దిగి, మొదటిసారిగా ఆయన అరికాళ్లు ఇంచుమించు నేలను తాకాయి. అదే శుభశకునంగా తీసికొన్నారు. బొత్తాం నొక్కితే మూడు సిలిండర్లూ ఒక్క గొంతుతో మేల్కొన్నాయి. అది అరుపు కాదు, వేదపఠనానికి ముందు గొంతు సవరించుకొన్నట్లు ఒక సన్నని గుర్రు. క్లచ్చు వెన్నలా లోపలికి వెళ్లింది. శిబిరంలో ఒంటరిగా తిప్పడమే గాని వెనుక మనిషిని ఎక్కించుకొన్న అనుభవం ఈ నలభై రెండేళ్లలో లేదన్న సంగతి, పాదం మొదటి గేరు వేసిన తరువాతనే ఆయనకు స్ఫురించింది. అయినా భయం లేదనుకొన్నారు. బండి రెయిన్‌లో ఉంది; ఆవు.

క్లచ్చు వదులుతూ కుడి మణికట్టు ఆవుకు తగినంత తిప్పారు. ముందు నిమ్మకాయ పగిలింది. ఆ క్షణాన ఆయన చూపు తెర మీద పడింది. అక్కడ ఎర్రని అక్షరాలలో స్పోర్ట్ అని ఉంది.

వెనుక చక్రం కొబ్బరినీటిలో, నిమ్మరసంలో ఒక్క రెప్పపాటు నిలిచినచోటే తిరిగింది. యంత్రం పసిగట్టి పట్టుకొంది. తెర మీద పసుపు దీపం మిణుకుమంది. మరుక్షణం రబ్బరు పొడి కాంక్రీటును కరిచింది. తొంభై అయిదు గుర్రాలూ ఒక్కసారి చెవులు నిక్కించాయి. బండి వీధి వైపు దూకింది.

సరిగ్గా అప్పుడే వీధి మలుపున ఒక తెల్లని కారు వేగం తగ్గించి, ఎడమ దీపం మిణుకుమంటుండగా డ్రైవ్‌వే వైపు తిరగసాగింది. డ్యూటీ త్వరగా ముగిసినట్లుంది. అద్దం వెనుక బిందుమాధవి నోరు కొద్దిగా తెరిచి ఉంది. కారుకూ గడ్డి అంచుకూ నడుమ మిగిలిన సందు, హ్యాండిలు పట్టేంత ఉందో లేదో.

అచ్యుతరావుగారి నాలుగు వేళ్లూ బ్రేకు లీవరును వెదికాయి. వెనుకనుంచి రెండు చేతులు ఆయన నడుమును బిగించి పట్టాయి. ఎర్రని హెల్మెట్ ఆయన హెల్మెట్‌కు ఠంగున తగిలింది.

“అమ్మాయి వచ్చేసింది,” అన్నారు హైమగారు. “ఆపకండి.”

ఆ సందు చాలిందో లేదో వచ్చే ఆశ్వాసంలో విందాము. ఈ కథను చదివినవారికీ, చదివించుకొని విన్నవారికీ సత్యదేవుడు సగం మాటలు మింగే అవసరం రానీయకుండుగాక. వారి వాహనాలు ఏ గోత్రానివైనా చల్లగా ఇల్లు చేరుగాక. వెనుక సీటు ఎవరికీ మూతపడకుండుగాక.